తలలు పోయిన ప్రశ్నలు

మా ఆఫీసులో నన్ను డబ్బాల డాక్టరమ్మ అంటారు. ఎవరి మెయిల్లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించినా, టోపీలూ తోకలూ తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరినా, "దీదీ, జరా దేఖ్ లీజియే" అంటూ నా బల్ల దగ్గరికి వస్తారు. చూస్తాను. చూడక చస్తానా, నన్ను అక్కడ కూర్చోబెట్టిందే అందుకు.

నిజానికి ఇది పెద్ద జబ్బేం కాదు. మెయిల్లో అక్షరాలు అక్షరాలుగా ప్రయాణం చేయవు, అంకెలుగా పోతాయి. ఆ అంకెల్ని ఏ పట్టిక పెట్టి చదవాలో చెప్పే చిన్న చీటీ ఒకటి మెయిలు నెత్తిన ఉంటుంది. ఆ చీటీ తప్పయితే అవతలి కంప్యూటర్ మన అంకెల్ని పరాయి దేశం పట్టికతో చదివేసి, నోటికొచ్చింది తెర మీద గుమ్మరిస్తుంది. చీటీ సరిచేస్తే చాలు, అక్షరాలు లేచి కూర్చుంటాయి. ఎక్కడైనా అక్షరం పోయి ప్రశ్నార్థకం మిగిలిందా, అప్పుడు మాత్రం నేను చేతులెత్తేస్తాను. దాని అంకె దారిలోనే చచ్చిపోయిందన్నమాట. దాన్ని ఏ డాక్టరమ్మా లేపలేదు.

ఇంకో సంగతి. బాగుచేయడానికి చదవక్కర్లేదు. పాడైపోయిన తెలుగు మెయిల్లో ఇంగ్లీషు మొదటి అక్షరం నెత్తిన వాలుగీత పెట్టుకుని, జ్వరం డిగ్రీల దగ్గర వేసే చిన్న సున్నాను పక్కన వెంటేసుకుని తిరుగుతుంది. హిందీ మెయిలు పాడైతే అదే అక్షరం వెనక నాలుగు కాళ్ల నల్లి లాంటి గుర్తు వస్తుంది. సున్నా అయితే తెలుగు, నల్లి అయితే హిందీ. ఆమడ దూరం నుంచి చూసి చెప్పేస్తాను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

చలికాలం తెల్లవారుజామున, పూర్తిగా మెలకువ రాకముందు, చరోదా రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలించే చప్పుడు వైశాలి నగర్ దాకా వినిపిస్తుంది. ఎండలో రాదు ఆ చప్పుడు, మంచులోనే వస్తుంది. ఢమ్మని ఒకటి, తర్వాత దూరదూరంగా చిన్న చిన్నవి. కిటికీలో ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం నారింజ రంగులో ఉబ్బి, మళ్లీ మెల్లగా చల్లారుతుంది. ఆ సగం నిద్రలో నాకు అక్షరాలు కనిపించేవి. తెలుగువో హిందీవో తెలిసేది కాదు. ఒక పెద్ద ప్లాట్‌ఫారం మీద దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉండేవి. ఏ బండి ఎక్కాలో ఎవరూ వాటికి చెప్పలేదు. నేను చెబుదామని నోరు తెరిచేలోపు కింద వాటాలో వదిన బకెట్ చప్పుడుకి మెలకువ వచ్చేసేది.

నేను విజయనగరం పక్క నుంచి పెళ్లయి ఈ హిందీ ఊరికి వచ్చినదాన్ని. మరోదాలో ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టర్‌లో కాపురం. మా ఆయనది ప్లాంటులో పని, షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య నిద్ర. చెడ్డమనిషి కాదు, ఒట్టు. కానీ కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పకుండా తినేసి లేచేవాడు. ఏం కావాలో ఒక్కనాడు నోరు విప్పి చెప్పలేదు, నాకేం కావాలో అడగలేదు. జబ్బు చేసినప్పుడు కూడా నొప్పి ఎక్కడో డాక్టరే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి వైశాలి నగర్‌లో మేడ మీద వాటాలోకి మారాను. కింద వాటాలో ఉండే ఆవిడే వదిన. మా తెలుగు చర్చిలో నా పక్కన నిలబడే మనిషి. చుట్టరికం పిలుపులోనే ఉంది గానీ రక్తంలో లేదు.

ఆ చుట్టరికాన్ని నిజం చేయాలని వదినకి ఎప్పుడు పుట్టిందో గానీ, ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఎండలో నా జుట్టుకి నూనె రాస్తూ మొదలుపెట్టింది.

"పిల్లా, ఒక మాట సెప్తాను, కోపగించుకోకు. మా తమ్ముడు నీ గురించి అడిగినాడే."

ఆమె తమ్ముడు చరోదాలో గూడ్సు గార్డు. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. చర్చిలో మగవాళ్ల వైపు గోధుమరంగు స్వెట్టర్‌తో నిలబడేవాడు. ఒకటి రెండుసార్లు నమస్కారాలు చెప్పుకున్నాం, అంతే.

"ఏమని అడిగాడు?" అన్నాను.

"ఏమనేటి? ఆడికి మాటలెక్కడున్నాయి? నీ వొంక సూసినాడు, నా వొంక సూసినాడు. నాకు తెలిసిపోనాది."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "నానొల్లనొదినా! నోరు లేని మనిషితో ఒక బతుకు బతికీసినాను. ఇంకో మూగనోము పట్టే ఓపిక నాకు నేదు."

కోపమొస్తే నాకూ ఊరి మాటే వస్తుంది. వదిన నవ్వి, జుట్టు ఇంకాస్త గట్టిగా లాగింది. "మంచోడే. నా తమ్ముడని సెప్పడం కాదు."

"మంచోడైతే రాయమను. నాతో ఎందుకు బతకాలనుకుంటన్నాడో ఆయన మాటల్లో రాయమను. తెలుగులో. సదివి సెప్తాను."

"ఒలమ్మ! పెళ్లికి పరీచ్చ పెడతావేటే? సరే, వాట్సాపులో పెట్టమంటాను."

"గుడ్ మార్నింగ్ గులాబీల కింద నా బతుకు తేల్చుకోను. మెయిలు పంపమను."

వదిన నూనె సీసా మూత గట్టిగా బిగించింది. "పంపుతాడు. మరి ఆదోరం చర్చి అవగానే జవాబు సెప్పీయాల. నాన్చకూడదు. ఔనంటే ఔను, కాదంటే కాదు, ఆడికి ఆశ పెట్టకు," అంది. సరేనన్నాను.

శుక్రవారం ఆఫీసులో ఉండగా మెయిలు వచ్చింది. చరోదాలో జిరాక్సులూ ఆధార్ పనులూ చేసే ఏదో చాయిస్ సెంటర్ పేరుతో వచ్చింది. వదిన తమ్ముడు ఫోన్లో రాసుకుని, పంపడం చేతకాక ఆ కొట్టువాడి చేతికిచ్చాడన్నమాట. కొట్టువాడి పాతకాలం కంప్యూటర్ చీటీ తప్పు అంటించి పంపింది. తెరవగానే పై నుంచి కింద దాకా టోపీలు, తోకలు, గీతలు. నాకు నవ్వొచ్చింది. ఊరందరికీ వైద్యం చేసే నాకు నా సొంత మెయిలే రోగంతో వచ్చిందే అనుకున్నాను. అటూ ఇటూ చూసి తెర కాస్త నా వైపు తిప్పుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

అప్పుడు చూశాను. సున్నాలు లేవు. నల్లులు. ఒక్క సున్నా అయినా కనబడుతుందేమోనని చివరిదాకా జరిపాను. అన్నీ నల్లులే.

హిందీ! తెలుగులో రాయమని అడిగితే హిందీలో రాశాడు! నా ఒళ్లు మండిపోయింది. అడిగింది ఒక్కటే మాట. ఆ ఒక్కదానికే చెవి పెట్టనివాడు రేపు ఇంట్లో ఏం వింటాడు? లేకపోతే ఎవరో హిందీ బాబు చేత రాయించి ఉంటాడు, పండగ శుభాకాంక్షల లాగ. బాగుచేయడం నాకు నిమిషం పని. చేయలేదు. దేనికి చేయాలి? మూసేసి, పక్క బల్ల వాళ్ల మెయిలుకి వైద్యం చేస్తూ కూర్చున్నాను. ఆ పూట టీ చేదుగా ఉంది. చక్కెర వేయడం మర్చిపోయానని సాయంత్రానికి గానీ తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం వదిన గుమ్మంలో కూర్చుని, విశాఖ నుంచి ఎవరో రైల్లో తెచ్చిచ్చిన ఎండు నెత్తళ్లకి తలలు గిల్లుతోంది. వీధంతా వాసన. నేనూ పక్కన కూలబడి గిల్లడం మొదలుపెట్టాను.

"ఒచ్చిందా?" అంది, తలెత్తకుండా.

"ఒచ్చింది."

"డ్యూటీ దిగి అన్నం కూడా తినకుండా రాసుకున్నాడంట. తప్పులుంటే ఏటనుకోకు పిల్లా. ఆడికి..." అని ఆగిపోయింది. చేతిలో నెత్తలిని గిల్లకుండా పట్టుకుని ఉండిపోయింది.

"ఆయనకి ఏటి?"

"ఏటీ నేదు. రేపు సెప్పు. నాకిప్పుడు సెప్పకు, రాత్రి నిద్దరుండదు."

నా నోట్లో 'కాదు' అన్న మాట తయారుగా ఉంది. ఎండ తలుపు మీద నుంచి మా కాళ్ల మీదికి, కాళ్ల మీద నుంచి చేపల మీదికి జరిగింది. ఈ ఆడమనిషి నాకు ఎంత కావలసిందో అప్పుడు తెలిసింది. కాదంటే రేపటి నుంచి మెట్ల మీద నూనె రాసేది ఎవరు? అయినా దాని కోసం ఔనంటానా? చెయ్యి కడుక్కుని మేడెక్కిపోయాను.

ఆదివారం మంచు తొమ్మిదైనా విడలేదు. చర్చి కిటికీల్లోంచి తెల్లటి వెలుగు వచ్చి అందరి ముఖాల మీదా ఒకేలా పడుతోంది. ఎవరు ఎంత వయసువాళ్లో తెలియడం లేదు. మా చర్చిలో పాట పాడేటప్పుడు గోడ మీద తెర వెలుగుతుంది. తెర మీద రెండు వరసలు. ఎడమ పక్క పాట తెలుగు అక్షరాల్లో ఉంటుంది. కుడి పక్క అదే తెలుగు పాట హిందీ అక్షరాల్లో. ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్లలో చదివిన పిల్లలకి తెలుగు మాట వచ్చు గానీ తెలుగు రాత రాదు. వాళ్ల కోసం అలా పెడతారు. ఎప్పటి నుంచో అలాగే ఉంది. నేను ఎడమ పక్క తప్ప చూడను. కుడి పక్క ఒకటుందన్న సంగతే మర్చిపోయాను.

పాట మొదలైంది. చివరిసారి చూద్దామనుకున్నానో, కాదని చెప్పబోయే మనిషి ముఖమైనా తెలియాలనుకున్నానో, మగవాళ్ల వైపు చూశాను. గోధుమరంగు స్వెట్టర్. పెదాలు కదులుతున్నాయి, తెలుగు మాటలు స్పష్టంగా పలుకుతున్నాయి. ఆయన కళ్లు మాత్రం తెర కుడి పక్కన ఉన్నాయి. వరస చివరికి వెళ్లి, మళ్లీ కుడి పక్క మొదటికి వస్తున్నాయి. ఎడమ పక్కకి ఒక్కసారి కూడా రావడం లేదు. కణతల దగ్గర నెరిసిన మనిషి, చిన్నపిల్లల వరస చూసి పాడుతున్నాడు.

ఓసి నా గర్వం మండా, నల్లులు చూసి హిందీ అనుకున్నాను. నల్లులు చెప్పేది అక్షరం సంగతే కదా, మాట సంగతి వాటికేం తెలుసు?

పాట మధ్యలోనే బయటికి వచ్చేశాను. వదిన కొంగు పట్టుకోబోయింది, ఆగలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఆ మెయిలు తెరిచి, ఆఫీసులో వాడే మరమ్మతు పేజీలో పోశాను. టోపీలు రాలిపోయాయి. హిందీ అక్షరాలు తలగీతలు పట్టుకుని వేలాడుతూ వచ్చాయి. అన్నీ బతకలేదు. చరోదా కొట్టు నుంచి మా ఆఫీసు దాకా వచ్చే దారిలో కొన్ని అంకెలు చచ్చిపోయాయి. వత్తు ఉండాల్సిన ప్రతిచోటా ఒక నల్ల డబ్బా, ఒక ప్రశ్నార్థకం. ఇంకొక అక్షరం కూడా మొత్తంగా పోయింది. మాట మొదట్లో వచ్చే 'ఏ', హిందీలో 'ఎ'కీ అదే. ఎందుకు, ఎప్పుడు, ఎవరు, ఏటి, ఇవన్నీ ఆయన ఆ ఒక్క అక్షరంతోనే మొదలుపెట్టాడు. ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ తలలు పోయాయి.

నా హిందీ చదువు బళ్లో నేర్చిన ముక్క. వేలు పెట్టి, కూడబలుక్కుని, పైకి చదవాలి. చదివాను. న, మ, స, డబ్బా, కా. నమస్కారం. హిందీ అక్షరాల్లోంచి, అక్కని అప్ప అనే మా ఊరి మాట లేచి వచ్చింది. మా అమ్మ మాటాడినట్టు, మా పెరటి గోడ అవతల ఎవరో పిలిచినట్టు వినబడింది.

"నమస్కారమండి. మీరు తెలుగులో రాయమన్నారని అప్ప సెప్పింది. నాకు తెలుగు అచ్చరాలు రావండి. మా నాయన హిందీ బడిలో ఏసినాడు. ఎవులికీ సెప్పనేదు, సిగ్గు. అప్ప రాసి పెడతానంది. ఒద్దన్నాను. అప్ప రాస్తే అప్ప మాటలైపోతాయి, మీరు నా మాటలు అడిగినారు. అందుకని నాకొచ్చిన అచ్చరాల్లోనే తెలుగు రాస్తన్నాను.

"నాను బండి ఆఖరి డబ్బాలో ఒక్కన్నే కూకుంటాను. డ్రైవరు బండికి ఆ కొసనుంటాడు. జెండా ఊపడమే గాని మాటుండదు. అలగలగ మాట తగ్గిపోనాది. రాక కాదండి. ఎవులూ అడగనేదు. మీరు అడిగినారు. మీరు అడిగినారని అప్ప సెప్పిన కాడి నుంచి బండిలో మాటలు కట్టుకుంటన్నాను.

"ఎప్పుడో ఒక క్రిస్మస్‌కి మీరు పాడితే ఇన్నాను. ఇప్పుడు మీరు పాడరు. పెదాలు కదుపుతారు, గొంతు రాదు. ఎందుకు మానీసినారండి? సానా దినాల నుంచి అడగాలనుంది. ఇంట్లో నాకు ఏటి కావాలో నాను సెప్తాను. మీకు ఏటి కావాలో మీరు సెప్పాల. ఇందులో పాడైపోయినవి ఉంటే మీరు బాగుసేసుకోండి, మీరు బాగా సేస్తారంట కదా. ఏటంటారు?"

ఆ చివరి మాటకి కూడా తల లేదు. డబ్బా, ప్రశ్నార్థకం, 'టంటారు'. నేనే తల పెట్టుకుని చదివాను.

ఏడ్చాను. మెట్ల మీద, పట్టపగలు, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ ఏడ్చాను. పాడటం మానేసి ఎన్నేళ్లయిందో నాకే లెక్క లేదు. ప్రతి ఆదివారం నా భుజానికి భుజం తగిలేలా నిలబడే వదినకి కూడా తెలియలేదు. అవతలి వైపు నుంచి, ఇంతమంది గొంతుల్లో ఒక గొంతు లేదని ఈయనకి వినబడింది.

లోపల ఆఖరి పాట ఎత్తుకున్నారు. వెళ్లి నా చోట నిలబడ్డాను. ఆ పాట నాకు కంఠతా వచ్చు, తెర అక్కర్లేదు. అయినా కుడి పక్క వరస చూశాను. అక్షరం అక్షరం పట్టుకుని గొంతెత్తాను. మొదట గాలి వచ్చింది, తర్వాత గరగర, తర్వాత పాట. వదిన గిర్రున తిరిగింది. "ఒలమ్మ! పాడతన్నావేటే!" అని పాట మధ్యలో పైకే అనేసింది. అవతలి వైపు ఒక గొంతు ఆగింది. చూడకపోయినా ఎవరిదో తెలిసింది.

అయిపోయాక బయట మంచు విడిపోయి, పల్చటి ఎండ వచ్చింది. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. వదిన తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది. "సెప్పీ మరి. ఔనా, కాదా?" అంది. ఆయన నేల చూస్తున్నాడు.

నేను వదినకి చెప్పలేదు. ఆయనకే చెప్పాను. "మీ మెయిలు చదివానండి. మాటలన్నీ చేరాయి. ప్రశ్నలు మాత్రం పాడైపోయాయి. మళ్లీ అడగండి. నోటితో."

ఆయన స్వెట్టర్ అంచు లాక్కున్నాడు. యార్డు వైపు నుంచి వ్యాగన్ల చప్పుడు వచ్చిందో, నాకే అనిపించిందో. అడగడేమో, మళ్లీ మూగనోమేనేమో అనుకున్నాను. అప్పుడు తలెత్తాడు.

"పాట ఎందుకు మానీసినారండి?"

చెప్పాను. నిలబడి మొదలుపెట్టి, మెట్ల మీద కూర్చుని చెప్పాను. మరోదా క్వార్టర్ గురించి, ఉప్పు లేని కూరల గురించి, ఇంట్లో ఎవరికీ వినబడని పాట చర్చిలో మాత్రం దేనికని ఒక రోజు నోరు మూసుకోవడం గురించి చెప్పాను. చెప్పులన్నీ వెళ్లిపోయాయి. వదిన నెత్తళ్లు నానబెట్టి వచ్చానని గొణిగి, మాకు అడ్డం లేకుండా తనూ వెళ్లిపోయింది. ఆయన పక్క మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. మగవాళ్లకి మాటల్లేవని ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నాను గానీ, ఆ మాట నేనూ ఎవరికీ చెప్పలేదు. నన్నూ ఎవరూ అడగలేదు.